ఎవరి ఇల్లూ కాని చోట

బెల్లంపల్లి స్టేషను ఎదురుగా ఉన్న అంబదాస్ హోటల్లో మా అత్తమ్మ చేత నాలుగు మెతుకులు తినిపించాలన్న ఆలోచన నాది. ఉత్తరం రాసింది కూడా నేనే. ఈ సంగతి మొదటే చెప్పకపోతే తరువాత జరిగినదానిలో నా వంతు ఎంతో తెలియదు.

అప్పటికి మా మామ హనుమండ్లు పోయి మూడు నెలలయింది. కరీంనగర్‌లో మా వాడ పద్మశాలీలకు ఆయన కులపెద్ద. మా దిక్కు ఒక ఆచారం ఉంది. భర్త పోయిన మనిషిని కర్మ అయిపోయినాక పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతారు. పుట్టింటి ఆడమనిషి తన చేత్తో అన్నం పెడుతుంది. అది తిని, ఆ రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారి తిరిగి రావాలి. దాన్ని నిద్ర అంటారు. నిద్ర చేసి వస్తేగాని ఆ మనిషికి తిండి ఒంటబట్టదని, కంటికి కునుకు రాదని పెద్దవాళ్ళ మాట.

మా అత్తమ్మ దేవవ్వను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, రాయమల్లు. వయసులో మగ్గం వదిలి బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనికి పోయాడు. అక్కడ బాయి మీద బొగ్గు తట్టలు మోసే మాల ఇంటి పిల్ల భూమవ్వను పెళ్ళి చేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. కులం కూర్చుంది. ఆ ఇంట్లో ముద్ద ముట్టినవాళ్ళు కులానికి కారని తీర్పు చెప్పింది. చెప్పిన నోరు మా మామది. సొంత బావమరిది అని కూడా చూడలేదని, ఎంత నిక్కచ్చి మనిషో అని చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు పెరిగింది. ఆ రోజు అత్తమ్మ ఏమన్నదో నాకు ఎవరూ చెప్పలేదు. ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

మామ పోయిన రోజు రాయమల్లు వచ్చాడట. వాకిట్లోకి రాలేదు. గల్లీ మొదట్లో నిలబడి, పాడె కదిలినాక వెళ్ళిపోయాడని తరువాత తెలిసింది.

కులంవాళ్ళు ఊరుకోలేదు. వరుసకు తమ్ముడయ్యే ఒకాయన జగిత్యాలలో ఉన్నాడు, ఆయన ఇంట్లో నిద్ర చేయిద్దామన్నారు. అత్తమ్మ ఒక్కమాటే అంది: "ఒక్క కడుపున పుట్టినోడు బతికుండంగ, గా మనిషెవ్వడు నాకు?" తరువాత ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు. ఆమె మాత్రం రోజురోజుకూ తగ్గిపోయింది. కంచం ముందు కూర్చుని అన్నం కలిపేది. చాలాసేపు కలిపేది. నేను వంటింటి పని ముగించుకుని వచ్చేసరికి కలిపిన అన్నం కలిపినట్టే ఉండేది. "ఏమో బిడ్డా, గొంతు దిగుతలేదు" అనేది, ఆ తప్పు గొంతుదైనట్టు.

ఒకరోజు మా ఆయన రామచంద్రంతో అన్నాను. ఆయన చేనేత సంఘం ఆఫీసులో గుమాస్తా.

"మామ ఏమన్నరు? ఆ ఇంట్ల తినొద్దు అన్నరు. ఇల్లు కాకపోతే?"

"అంటే?"

"హోటల్ల. హోటలు ఎవరి ఇల్లూ కాదు గదా. అత్తమ్మ, తమ్ముడు ఒక్క దగ్గర కూర్చుని తింటరు. పుట్టింటి ముద్ద అయితది. ఎవరి మాటా తప్పినట్టు కాదు."

ఆయన నవ్వాడు. "బి.ఏ. చదివినవ్ అనిపించినవ్. హోటల్ల తింటె ఎవలడుగుతరు? కులపోళ్ళంత సంఘం మీటింగుకు పోయినప్పుడల్ల హోటల్లనే తింటున్నరు."

నాకు ఆ మెప్పు నచ్చింది. ఆ రాత్రే రాయమల్లుకు ఉత్తరం రాశాను. ఎంత జాగ్రత్తగా రాశానంటే, అందులో నిష్ఠూరం లేదు, జాలి లేదు, భూమవ్వ పేరు కూడా లేదు. వారం తిరిగేలోగా కార్డు వచ్చింది. వంకర అక్షరాలు. "అక్కను తోలుకరా బిడ్డా. అంబదాస్ హోటల్. బుధవారం. నేను మొదటి షిఫ్టుకు నాగా పెడ్త."

బుధవారం తెల్లవారుజామునే బయలుదేరాం. పిల్లలిద్దరినీ పక్కింటి సత్తమ్మకు అప్పగించాను. పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజరు రైలు. దారిలో అత్తమ్మ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అడిగితే "పుట్టింటి ముద్ద తిన్నంకనే" అంది. గోదావరి వంతెన మీద రైలు పోతున్నప్పుడు మాత్రం కిటికీలోంచి నీళ్ళకు దండం పెట్టుకుంది. ఆ రోజు ఆమె ముఖంలో ఒక తొందర కనిపించింది. మూడు నెలల తరువాత అది చూసి, నా ఉపాయం పనిచేస్తుందని నాకు ధైర్యం వచ్చింది.

హోటలంటే నేను హైదరాబాదులో చదువుకునేటప్పుడు చూసినవాటి లాంటిదే ఉంటుందనుకున్నాను. ఇది రేకుల షెడ్డు. షాబాదు బండలు పరిచిన బల్లలు, పొడుగాటి బెంచీలు. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు చేసి అప్పుడే వచ్చినట్టున్నారు, ఒక్క బెంచీ ఖాళీ లేదు. ఎంత రుద్దుకున్నా పోని బొగ్గు వాళ్ళ కనురెప్పల అంచున కాటుకలా నిలిచి ఉంది. వరంగల్ దిక్కువాళ్ళు, చాందా నుంచి వచ్చిన మరాఠీలు, ఇంకా పైనుంచి వచ్చిన హిందుస్తానీలు, లెక్కలు రాసే కోస్తా గుమాస్తాలు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

ఇంతమంది నోళ్ళకు ఒక్క వంట సరిపోదు కాబట్టి అంబదాస్ అన్నీ కొంచెం కొంచెం చేయిస్తాడు. అరచేయంత పళ్ళేలు. ఒకదానిలో రెండు మిర్చి బజ్జీలు, ఒకదానిలో సమోసాలు, ఇంకోదానిలో అటుకుల పోహే, గారెలు, ఉడకబెట్టిన శెనగలు, జిలేబి, నాన్‌ఖటాయి. వడ్డించే అతను ఎడమ చేతి మీద భుజం దాకా పళ్ళేలు పేర్చుకుని వచ్చి, ఏం కావాలని అడగకుండానే బల్లంతా పరిచేస్తాడు. తిన్నవి తినొచ్చు. ముట్టనివి ఎత్తుకుపోయి పక్క బల్ల మీద పెడతాడు.

"ఓ లచ్చయ్యా, గది నాలుగో బజ్జి! ఇంటికాడ పెండ్లాం బువ్వ వండుకోని కూసున్నది."

"గది వేరే కడుపురా. ఇంటికి పోంగనే దానంతటదే తెరుసుకుంటది."

"తెరువకుంటె?"

"మా ఆమె తెరిపిస్తది!"

బెంచీ బెంచీ అంతా నవ్వింది. అత్తమ్మ నా వెనక్కు జరిగి కొంగు సవరించుకుంది.

అంబదాస్ గల్లా వదిలి ఎదురొచ్చాడు. బొద్దుగా ఉన్న మరాఠీ మనిషి, తల మీద నల్ల టోపీ. "బసా, బసా ఆయీ!" అంటూ కూర్చోమని చెయ్యి చూపించాడు. "రాయమల్లన్న అక్క గదా? లోపట ఆడోళ్ళ గది ఉన్నది. మీ తమ్ముడు పొద్దుగాల్నుంచి మూడుసార్లు వచ్చి గా బల్ల తుడిచి పోయిండు. నా పనోడు గూడ గట్ల తుడువడు."

ఆడవాళ్ళ గది అంటే మూలన చెక్కల అడ్డం, దానికి ఒక పరదా. పరదా అంచున చేతులు తుడుచుకున్న మరకలు. నేను దాన్ని చివరి వేళ్ళతో పక్కకు జరిపాను. బల్ల మాత్రం నిజంగానే అద్దంలా ఉంది.

మేము కూర్చోగానే పళ్ళేలు వచ్చాయి. అత్తమ్మ అనుమానంగా చూసింది.

"గివి ఎవల ముందట్నుంచో ఎత్కచ్చిండు. నేను చూసిన."

"వాళ్ళు ముట్టలేదు అత్తమ్మా."

"ముట్టకున్న వాళ్ళ కండ్లు పడ్డయి గదా. ఎంగిలి నోటితోనే అయితదా?"

చెక్కల అవతల నుంచి ఎవరో వినే ఉంటారు. "అవ్వా, గట్లయితె ఈ ఊర్ల ఎంగిలి కానిది బొగ్గు ఒక్కటే!" అని అరిచారు. అత్తమ్మకు నవ్వు ఆగలేదు. మామ పోయినాక ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఆ నవ్వు ఉండగానే పరదా పక్కకు జరిగింది. రాయమల్లు. అంగీ గుండీలు గొంతు దాకా పెట్టుకున్నాడు. నుదుటి మీద, చెంప మీద నీలం గీతలు. బొగ్గు పెచ్చులు తగిలి మానిన గాయాల్లో నలుపు ఉండిపోతే అట్లా అవుతుందట. వంగి అక్క కాళ్ళు ముట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"గింత నల్లగైనవేందిరా?" అంది అత్తమ్మ.

"బొగ్గుల ఉంటె తెల్లగైతరా అక్కా?"

"చిన్నప్పుడు మంచిగుంటివి."

"చిన్నప్పుడు నువ్వే గదా తానం పోసినవ్."

ఆమె చెయ్యి చాచి అతని నుదుటి మీది నీలం గీతను బొటనవేలితో తుడిచింది. అది పోలేదు. ఇంకోసారి తుడిచింది. నేను పళ్ళేల వైపు చూస్తూ కూర్చున్నాను.

రాయమల్లుకు కూర్చోవడం చేతకాలేదు. పరదా తీసి "అంబదాస్ భాయ్, ఉన్నయన్ని ఒక్కొక్కటి!" అని కేకవేశాడు. పళ్ళేలు వస్తూనే ఉన్నాయి. బల్ల మీద చోటు చాలక ఒకదాని అంచు మీద ఒకటి నిలబెట్టారు. నేను లెక్కపెట్టలేదు గాని పన్నెండుకు తక్కువ ఉండవు.

"గిది తిను అక్కా, గిది సమోస, పట్నం రకం. గీ శెనగలు జర కారం. జిలేబి ఏడి మీద ఉన్నది, సల్లారితె సాగుతది. గిది చూడు, పోహే. చాందా దిక్కోళ్ళు చేస్తరు, మెత్తగుంటది, నీకు నమలేటందుకు తకలీఫ్ ఉండది."

ఒక్కో పళ్ళెం ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఒక్కోదాన్ని చూసి తలూపింది. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి తీయలేదు.

"బువ్వ లేదారా?" అంది చివరికి.

రాయమల్లు పరదాలోంచి తల బయటపెట్టాడు. అంబదాస్ జవాబు మాకూ వినిపించింది: "బువ్వ దొరకది రాయమల్లన్నా, ఉత్త నాస్తానే. నీకు తెల్వదా?"

నేను సిగ్గుపడ్డాను. నా ఉత్తరంలో అన్నీ ఉన్నాయి. రోజు ఉంది, వేళ ఉంది, రైలు పేరు ఉంది. పుట్టింటి ముద్ద అంటే అన్నం ముద్ద అని, అన్నం దొరికే చోటో కాదో అడగాలని నాకు తోచలేదు. బి.ఏ. చదివినవ్ అనిపించుకున్నదాన్ని.

"బువ్వ గాకపోతేంది అక్కా, అటుకులు బియ్యం గాదా?" రాయమల్లు పోహే పళ్ళెం తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను పెడ్త, తిను."

"నువ్వెట్ల పెడ్తవురా? నువ్వు మొగోనివి. అవ్వ పెట్టాలె. అవ్వ లేకపాయె." ఆమె తమ్ముడి ముఖం వైపు చూడకుండా అడిగింది. "అవ్వ జాగల ఇప్పుడు ఎవలున్నరు?"

రాయమల్లు పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు.

"భూమి యాడున్నది?"

కాపురానికి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పేరు పలకగా నేను వినలేదు. అత్తమ్మ దాన్ని ఎంత మామూలుగా పలికిందంటే, లోపల రోజూ అనుకుంటూ ఉండేదేమో అనిపించింది.

"స్టేషన్ల కూసున్నది" అన్నాడు రాయమల్లు. "నేను తోలుకరాలే అక్కా, ఆమెనే వచ్చింది. లోపటికి రానన్నది. నేనొస్తె మీ అక్క తినకుంట లేస్తది, నేను ఎడంగ ఉండి మొఖం చూసి పోత అన్నది."

"అనసూర్యా," అంది అత్తమ్మ నాతో, "పోయి తోల్కరా."

స్టేషనులో ఆమెను వెతకనవసరం లేకపోయింది. బయటి బెంచీ మీద హోటలుకు ఎదురుగా కూర్చుని ఉంది. సన్నగా, పొడుగ్గా, ముక్కుకు పుడక. నా కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. నన్ను చూసి లేచింది.

"రామచంద్రం పెండ్లామా? లగ్గంల చూసిన నిన్ను. పందిట్ల గాదు, బజార్ల, బండి మీద పోతుంటె." తరువాత గొంతు తగ్గించింది. "తినకుంట లేచిందా?"

"లేదు. రమ్మంటున్నరు."

"నన్నా? ఏంటికి?"

"మీరు పెడితేనే..." అని ఆగిపోయాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను చెప్పని భాగం ఎక్కడ ఉందో వెతుకుతున్నట్టు. తరువాత కొంగు నడుముకు దోపుకుని నాకంటే ముందే నడిచింది.

హోటల్లో ఆమెను అందరూ ఎరుగుదురు. "ఏం భూమక్కా, నువ్వు గూడ హోటలుకు మరిగినవా?" అన్నాడు ఇందాకటి లచ్చయ్య. "మీ అసొంటి సోకులు మాకేడివిరా, పొయ్యి ఉన్నోళ్ళం" అని అతని బెంచీ దాటింది. వడ్డించే అతను ఆమె చేతికి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. అదే వరసలోని గ్లాసు, అందరికీ ఇచ్చేదే. ఇక్కడ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నదీ, ఏ గ్లాసు ఎవరు ముట్టిందీ అడిగేవాళ్ళు లేరు. అందుకే మా కులానికి హోటలంటే పేచీ లేదు. ఎవరు వండారో తెలియనంత సేపు ఏదైనా తినొచ్చు.

గదిలోకి రాగానే భూమవ్వ నిలబడి దండం పెట్టింది. అత్తమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. అందులో కోపం లేదు. బట్టల దుకాణంలో నేత చూసినట్టు చూసింది, నిదానంగా.

"కూసో."

"నిలబడ్త వదినె."

"ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరు. పిల్లకు లగ్గమైంది. పిల్లగాడు తొమ్మిది చదువుతుండు."

"ఎవల పోలికె?"

"పిల్లగానికి నీ ముక్కే వచ్చింది."

అత్తమ్మ తన ముక్కు ముట్టుకోబోయి మానుకుంది. పోహే పళ్ళెం భూమవ్వ వైపు జరిపింది. "పెట్టు" అంది. "పొద్దటిసంది నీళ్ళు ముట్టలే."

ఇక అయిపోయిందనుకున్నాను. నా ఉత్తరం చేయలేనిది అత్తమ్మ ఒక్క మాటతో చేసిందనుకున్నాను. మాట తప్పనూ లేదు, ముద్ద పోనూ లేదు. రాయమల్లు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

భూమవ్వ పళ్ళెం ముట్టలేదు.

"తప్పువట్టకు వదినె. గీడ నేను పెట్ట."

"ఏందే?" అన్నాడు రాయమల్లు.

"నువ్వాగు." ఆమె గొంతు పెంచలేదు. అవతల టీ కోసం అరుస్తున్న కేకల్లో మేము కొంచెం ముందుకు వంగి వినాల్సి వచ్చింది. "గీ పరదా సాటుకు పెట్టిననుకో వదినె. రేపు ఎవలన్న అడుగుతె ఏమంటవ్? హోటల్ల తిన్న అంటవ్. అబద్ధం గూడ గాదు. నీ తమ్మునికి గంతే చాలు, ఆయనకు నీ మొఖం జూస్తెనే కడుపు నిండుతది. నాకు చాలది. పద్దెనిమిదేండ్లసంది మా ఇంట్ల తిన్ననని అనేటోళ్ళు ఒక్కలు లేరు నాకు."

"అక్క ఉపాసం ఉన్నదే..."

"నాకు ఎరుకలేదా? పొద్దుగాల లేచి వండిన. నువ్వొస్తవని గాదు వదినె. రావని ఎరుకే. మొగడు పోయినామె పుట్టింటి దిక్కు వచ్చిన నాడు ఆ ఇంట్ల పొయ్యి సల్లగ ఉండొద్దని వండిన. గంతే." ఆగి, "నువ్వు గా పళ్ళెం నీ చేత్తోనే తిను. నేను ఏమనుకోను. ఒట్టు" అంది.

అత్తమ్మ బల్ల మీది పళ్ళేలను ఒక్కొక్కటిగా చూసింది. జిలేబి చల్లారి పాకం గడ్డకట్టింది. అవతల ఎవరో "దో చాయ్, ఏక్ పోహే" అని పాడినట్టు అరిచారు. వంటగదిలోంచి ఇంకెవరో అదే రాగంలో జవాబిచ్చారు. నాకు ఏదైనా మాట్లాడాలనిపించింది. ఇద్దరికీ సరిపోయే మధ్యమార్గం ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఆ మధ్యమార్గంలోనే కూర్చుని ఉన్నామని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"ఆయన నోటి మాట" అంది అత్తమ్మ. "ఆయన ఉన్నన్ని దినాలు మోసిన. ఒక్కనాడు దించలే. పోయేటప్పుడన్న దించుమంటడేమో అని మంచం కాడ కూసున్న. ఆఖరు రోజు గూడ పంచె గురించి అడిగిండు, దీపం గురించి అడిగిండు. గిది అడుగలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనకు యాదికి లేకుండె. నేనే మోస్తున్న."

ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి లేచింది.

"ఎంత దూరం?"

భూమవ్వకు వెంటనే అర్థం కాలేదు. రాయమల్లుకు అర్థమైంది. అతను పరదాను పట్టుకుని నిలబడిపోయాడు.

"పట్టాలు దాటినంక మూడో లైను" అంది భూమవ్వ.

నేనూ లేచాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వద్దు. నువ్వు రైలుకు పో. పిల్లలు సత్తమ్మ దగ్గర ఎంతసేపుంటరు?"

"పర్వాలేదు అత్తమ్మా."

"మామ జాగల రామచంద్రాన్ని కూసోబెడ్దమని అనుకుంటున్నరు కులపోళ్ళు. నాది ముసలి పానం, నన్నేం చేస్తరు? నువ్వు ముద్ద ముడితె గది నీ మొగని మీదికొస్తది. ఆలోచన చేసుకో."

భూమవ్వ నా వైపు చూసింది. రమ్మనలేదు, రావద్దనలేదు.

కాలేజీలో ఉండగా కులం గురించి వ్యాసం రాసి నేను మొదటి బహుమతి తెచ్చుకున్నాను. మంచి వ్యాసమే. ఇప్పుడు చదివినా అందులో ఒక్క వాక్యం కూడా మార్చనవసరం లేదు. అందులో ఎవరూ ఎవరి ఇంటికీ అన్నానికి పోరు. పిల్లలు ఎదురుచూస్తుంటారన్నది నిజం. మూడింటి రైలు తప్పితే రాత్రి దాకా ఇంకొకటి లేదన్నదీ నిజం. కాని నిజమైన కారణాల్లోంచి కూడా మనకు పనికొచ్చేది ఏరుకుంటాం. అత్తమ్మ వద్దనగానే నాకు ఊరట కలిగింది. అది నాకు తెలిసింది.

"సరే అత్తమ్మా" అన్నాను.

పరదా సందులోంచి చూశాను. అత్తమ్మ బెంచీల మధ్య నుంచి నడుస్తుంటే మగవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. లచ్చయ్య లేచి నిలబడ్డాడు, ఎందుకో తెలియకుండానే. రోడ్డు దాటారు. పట్టాల దగ్గర కంకర మీద అత్తమ్మ అడుగు తడబడింది. రాయమల్లు రెండడుగులు ముందున్నాడు. భూమవ్వ చెయ్యి చాచింది. ఒక్క క్షణం ఆ చెయ్యి అట్లాగే ఉంది. అత్తమ్మ దాన్ని పట్టుకుని మొదటి పట్టా దాటింది, రెండోదీ దాటింది. తరువాత గూడ్సు బండి అడ్డం వచ్చింది.

అంబదాస్ పరదా బయటి నుంచి అడిగాడు. "అన్ని తీసెయ్యాల్నా అక్కా?"

"ఒకటి ఉంచండి."

పోహే చల్లారిపోయింది. ఉప్పు కొంచెం తక్కువ. కొత్తిమీర పెద్ద పెద్దగా తరిగారు. నేనూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మొత్తం తిన్నాను.

కరీంనగర్‌లో బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళ. రామచంద్రం సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వెనుక ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాడు.

"అవ్వేది?"

"రేపు మీ మేనమామ తోల్కొస్తరు. నిద్రకు ఉండిపోయింది."

"హోటల్ల ఎట్ల పండుకుంటది?"

"హోటల్ల కాదు."

ఆయనకు అర్థమయ్యేందుకు కొంచెంసేపు పట్టింది. సైకిలు నడిపించుకుంటూ బజారులోని గడియారం స్తంభం దాకా వచ్చాడు. అక్కడ ఆగి అటూ ఇటూ చూశాడు.

"మరి నువ్వు? నువ్వు గూడ పోయినవా?"

"పోలేదు. హోటల్లనే తిన్న."

"నయం" అన్నాడు. "మంచి పని చేసినవ్. ఇగ ఎవలన్న అడిగితె అవ్వ సంగతి నేను చూసుకుంట. ముసలామె, తమ్ముని మీద పానం, ఏమనలేరు." ఆ లెక్క ఆయనకు సరిపోయింది. నాకు చెబుతున్నట్టే ఉన్నా, రేపు కులం ముందు చెప్పబోయే మాటల్ని సర్దుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

గల్లీలోకి తిరిగాం. మగ్గాల చప్పుడు ఇంకా ఆగలేదు. చీకట్లో ఆయన నడక నెమ్మదించింది.

"చిన్నప్పుడు రాయమల్లు మామ నన్ను భుజం మీద ఎక్కించుకోని తిరిగెటోడు" అన్నాడు. మా గడప కనిపిస్తుండగా, నా వైపు చూడకుండా, చాలా మెల్లగా అడిగాడు.

"ఏం కూర వండిందట?"

"తెలియదు" అన్నాను. "అడగలేదు."